జోగులత్త పాతిపెట్టిన సీసా

లింగాల,
12-6-2004, పొద్దున.

మేనత్త జోగులమ్మకు, నీ మేనకోడలు వసంత దండం పెట్టి రాసేది. అంతా క్షేమమని మొదలుపెట్టబోతే చెయ్యి సాగలేదు. నీ కోడలు సరోజక్క చదివి వినిపిస్తుంటే సగంల లేచిపోకు.

అమ్మ రొమ్ముల గడ్డ తీసిన డాక్టరు దాన్ని మందునీళ్ల సీసాల వేసి, పట్నం ల్యాబుకు చేర్చుమని మన చేతికే ఇచ్చిండు గదా. నాయన గోలీలు కొని వచ్చేసరికి, ల్యాబు మనిషి పట్టుకపోయిండని చెప్తివి. మొన్న పట్నంల డాక్టరమ్మ రిపోర్టు ఏదని అడిగితే నాయన ల్యాబుకు పోయిండు, సీసానే రాలేదన్నరు. ఇంటికొచ్చి నిన్ను నిలదీస్తే, ఒంట్ల నుంచి తీసింది మట్టిల పెట్టాలె, బొడ్డుతాడు లెక్క మన చేన్ల పాతిన అన్నవు. ఎక్కడంటే మూట సర్దుకొని మీ ఊరి బస్సెక్కినవు.

అత్తా, కొన్ని గడ్డలు మన ఒంట్ల ఊరే హార్మోన్‌తోనే పెరుగుతయట. దాన్ని అందుకునేటివి గడ్డల ఉంటయి, రిసెప్టర్లంటరు. అవి ఉంటే హార్మోన్‌ను అడ్డుకునే గోలీలు అమ్మకు పనిచేస్తయి. లేకుంటే ఎన్నేండ్లు మింగినా వట్టిదే, సూదిమందులే దిక్కు. అవి ఓర్చుకునే బలం అమ్మ గుండెకు లేదన్నది డాక్టరమ్మ. ఉన్నయో లేవో చెప్పేది ఆ గడ్డ ఒక్కటే. మూత ఊడక, నీళ్లు కారకుంటే ఇంకా పరీక్ష చెయ్యొచ్చట. డిగ్రీల ఇంత జీవశాస్త్రం చదివిన, మన చేన్ల ఏ మూల తవ్వాలో తెల్వదు.

వేపచెట్టు కింద తవ్వినం, బాయికాడ తవ్వినం. ఎలుకలు పడుతున్నరా అని ట్రాక్టర్ మల్లేశ్ నవ్విండు. నిన్న వాన పడ్డది. ఊర్ల ట్రాక్టర్ ఆయనదొక్కటే, పొద్దుగూకే ముందు మన చేన్లకు వస్తడు. నాగలి తగిలితే సీసా నుగ్గైతది. ఆపుదామంటే, ఈ పదును పోతే విత్తనం ఎప్పుడు పెడదమని నాయన నా మీద ఎగిరిండు. నిన్ను ఫోన్ బూత్‌కు పిలిపిస్తే రానంటివట. నాయన తిట్టిండు, నిజమే. నీ తమ్ముని నోరు నీకు కొత్తనా? పంతం అమ్మ మీద తీర్చుకోకు. ఈ ఉత్తరం తెచ్చే వెంకటన్న జీపు మీ వాకిట్లనే ఆగి ఉంటది, ఎక్కి రా.

నీ
వసంత

తా.క.: ఇది మడుస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూసున్నది. పాతిపెట్టుమన్నది తానేనట. రిపోర్టుల ఏం రాసొస్తదో వినలేనని, చోటు ఎవ్వరికీ చెప్పొద్దని, తనకు కూడా చెప్పొద్దని నీతోని ఒట్టు వేయించుకున్నదట. అన్ని తిట్లు పడ్డవు గానీ, అమ్మ పేరు తియ్యలేదు నువ్వు. పైన పంతం అన్న మాట కొట్టేస్తున్న.

వదినెను ఆ ఒట్టు తీసి గట్టున పెట్టమను, నాకిప్పుడు తెలుసుకోవాలని ఉంది అన్నది అమ్మ. కట్టు మీద కొంగు కప్పుకొని చేన్లకు నడిచింది. నువ్వొచ్చిందాక ట్రాక్టర్ ముందల కూసుంటదట.