అడుగుల అరిసెలు

ఆదివారం, రాత్రి

సాయంత్రం క్యాంపస్‌లో చెట్ల నీడన, మా కింది క్వార్టర్‌లో ఉండే స్వప్న కూతురు తప్పటడుగులు వేస్తూ దబ్బున కూలబడింది. నాకు లోపల హాయిగా అనిపించింది. ఛీ, ఏం మనిషిని నేను.

ఆ పాపా మా బాబూ ఒకే వారంలో పుట్టారు. వీడికి పుట్టగానే కరోనా సోకింది, ఫిట్స్ వచ్చాయి. ఏడాది దాటినా ఆసరా లేకుండా కూర్చోడు. మెదడు ఎంత దెబ్బతిందో ఇప్పుడే చెప్పలేమని తార్నాక డాక్టరుది ప్రతిసారీ అదే మాట.

ఇంటికొచ్చాక స్వప్న డబ్బా నిండా అరిసెలు తెచ్చింది, పాప నడిచిందని.

"మీ బాబు నడిచిననాడు గూడ అరిసెలు నేనే చేస్త అక్కా. మీరు పిలవకున్నా వస్త" అంది.

ఎంత మామూలుగా అనేసిందో. కన్నతల్లిని, నాకే లేని ఆ ధీమా ఆమెకెక్కడిది? పాప నడక కన్నా ఆ ధీమాను చూసే ఎక్కువ కుళ్లుకున్నాను. ఒక్క అరిసె కూడా నోట్లో పెట్టుకోలేదు.

డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏం పెట్టాలి?

పోయిన నెల వీడు బోర్లా పడ్డాడు. ఇప్పుడా అంటారని బొబ్బట్లు చేయలేదు, ఎవరికీ చెప్పలేదు.

పొద్దున లేవగానే శనగపప్పు నానబెడితే...