మూరెడు లెన్సు

హరినాథన్నకు,

ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇళ్లలో జరిగే నామకరణాలు తీయడానికి నా కొత్త కెమెరాకు చిన్న లెన్సు చాలని పదిమందిని అడిగి తేల్చుకున్నాను. తిరుపతి వెళ్తున్నావని డబ్బు నీ చేతికిచ్చాను. నువ్వేమో "అంత చిన్నది పట్టుకుంటే ఎవురు లెక్కజేస్తారుమే?" అంటూ దూరానివి దగ్గరగా చూపే మూరెడు జూమ్ లెన్సు తెచ్చావు.

నిన్న పూతలపట్టులో నా మొదటి పని. ఆ ఇరుకు గదిలో ఎంత తిప్పలు పడినా బిడ్డ చెవి తప్ప ఏమీ పట్టలేదు. వెనక్కి జరిగి జరిగి వీధిలోకొచ్చాను. బిడ్డ అవ్వ గడపలో నిలబడి, "బిడ్డ ఈడుంటే నువ్వు యాడికి పోతా ఉండావమ్మా?" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఫోటోలన్నీ వాళ్ల ఫోన్లతోనే తీసుకున్నారు. నన్ను అన్నం తిని పొమ్మన్నారు.

నిన్నటి మొత్తంలో బాగా వచ్చిన ఫోటో ఒక్కటే. నన్ను అక్కడ దింపి, వీధి చివర బండి మీదే కూర్చుని, నా లెన్సు గురించి ఎవరికో గొప్పలు చెబుతున్న నీది. దీంతోపాటు పంపుతున్నాను, చూసుకో.

దీన్ని మార్చి చిన్నది తెచ్చేదాకా నా గడప తొక్కకు. ఈ లెన్సుకు నువ్వు ఎంత దూరంలో ఉంటే అంత బాగుంటావు.

నీ చెల్లెలు