అరిగిపోయిన అంకెలు

కంబదూరు, 1959. మహర్నవమి ముందు రాత్రి.

గుంతకల్లుకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. నీళ్లు తోలే మా వ్యాను చెడిపోయి ఆగి పది రోజులైంది. ఊళ్లో బావులు ఎండిపోయాయి. మేం దాంట్లో డ్రమ్ములతో నీళ్లు తేకపోయేసరికి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి కడవలు మోస్తున్నారు.

గుంతకల్లులో స్పేరు పార్టుల అంగడిలో పాత పిస్టన్ రింగు చూపించాను. అంగడాయన వేలితో తడిమి పక్కన పెట్టాడు.

"అరిగినదాన్ని చూసి కొత్తది ఎట్ల ఇచ్చేదప్పా? ఈ బండికి మూడు రకాల ఇంజన్లు వచ్చినాయి. ఇంజన్ నంబరు చెప్పు, యాడున్నా తెప్పిస్తా."

ఇంజన్‌కు బిగించిన నంబరు ఇత్తడి రేకు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది ముందే తీసుకుపోయాను, అది ఇచ్చాను. మొదటి రెండు అంకెలే పడ్డాయి. మిగతాదంతా నునుపు. ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎవురు తోమినారప్పా దీన్ని ఇట్ల?"

నాయనే. పదేళ్లుగా ప్రతి ఆయుధపూజకూ ఆ రేకును చింతపండుతో తళతళలాడేదాకా తోమి బొట్టు పెడతాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి నాయన వ్యాను పక్కన లాంతరు పెట్టుకుని చింతపండు పిసుకుతున్నాడు.

"రింగు ఎప్పుడొస్తాదంట?"

"వస్తాదిలే నాయనా."

"అట్లయితే ఈసారి రేకు నువ్వే తోము. నాకు చేతులు వణుకుతాండాయి."

నిజం చెబుదామనుకున్నాను. ఆ చేతులు చూసి చెప్పలేక గుడ్డ అందుకున్నాను.

కాసేపటికి నాయన వంగి చూసి, "ఈ మూల ఇంకా నల్లగుండాది" అని వేలు పెట్టి చూపించాడు. ఆ రెండు అంకెలూ ఉన్నది అక్కడే.

తోమాను.