గన్నవరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి, నాగాయలంక మీదుగా

జూలై 1

నిర్ణయం తీసుకున్నాను. విమానం నేర్చుకుంటాను! ఎక్కడం కాదు, నడపడం.

యాభై ఆరేళ్లొచ్చినా నేను విమానం ఎక్కలేదు. భయమని కాదు. లోపల ఏం జరుగుతోందో తెలియని దాంట్లో కూర్చోవడం నాకు సరిపడదు. మా ఆవిడ కృపాకుమారి దాన్నే భయం అంటుంది.

వాళ్ల చెల్లెలు ఎలీసబెతు పోర్ట్‌బ్లెయిర్‌లో ఇల్లు కట్టుకుంది. ఆగస్టు 23న గృహప్రతిష్ఠ. రిబ్బను కత్తిరించి మొదటి ప్రార్థన చెయ్యాల్సింది పెద్ద బావగారినైన నేను. అక్కచెల్లెళ్లు కలుసుకుని తొమ్మిదేళ్లయింది. ప్రయాణం అనుకున్న ప్రతిసారీ నాకే ఏదో అడ్డం వచ్చింది. ఒకసారి ఎలక్షన్ డ్యూటీ. ఒకసారి నడుంనొప్పి. ఒకసారి తుఫాను (ఒరిస్సాలో).

"ఈసారి మీరొచ్చినా రాకపోయినా నేను వెళ్తానండీ," అంది పొద్దున్న, తాలింపు వేస్తూ. మెల్లిగా అంది. అరిచినా బాగుండేది.

సాయంత్రం గుడివాడ వెళ్లాను. మా ఆవిడ తరఫు బంధువు శ్యాంబాబుది అక్కడ కంప్యూటర్ల షాపు. టికెట్లు కూడా బుక్ చేస్తాడు. కంప్యూటర్ మీద విమానం నడపడం నేర్పే ప్రోగ్రాం ఒకటి చూపించాడు.

"ఇది గేమ్ కాదు బావా. అసలు విమానంలో ఉన్న బటన్లన్నీ ఇందులో ఉంటయ్. నేర్చుకున్నావంటే భయం పోద్ది."

"భయమని ఎవడన్నాడు?" అని కొనేశాను.

జూలై 4

అద్భుతం! ఇన్నాళ్లూ ఎందుకు నేర్చుకోలేదు?

తెలిసిన సంగతులు: పైకి లేచాక ఆటోపైలట్ నొక్కితే అదే నడుపుతుంది. ఫ్లైట్ కంప్యూటర్‌లో మాత్రం ముందే అన్నీ కొట్టాలి. ఎక్కణ్ణుంచి, ఎక్కడికి, ఏ దారిన, ఎంత బరువు. ఒక్కటి తప్పినా వెనక్కి కొడుతుంది. అచ్చం మా కలెక్టరాఫీసు ఫైలే! ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇదే కదా.

ఈ లెక్కన ఆగస్టుకి పైలట్ గారికి నేనే నాలుగు సలహాలివ్వగలను.

జూలై 5, ఆదివారం

గుడిలో ఆరాధన అయి రాగానే మొదటి టేకాఫ్. ఇంజన్లు ఫుల్లుగా ఇచ్చాను. మా ఇంట్లో చల్లపల్లి బస్సెక్కినా ప్రార్థన చేసుకునే బయల్దేరతాం. అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాను. పైలట్ కోసం, ప్రయాణికుల కోసం, ఎలీసబెతు ఇంటి కోసం, పాలకుల కోసం... కళ్లు తెరిచేసరికి విమానం రన్‌వే దాటి పొలంలో ఉంది.

"ఆమేన్ అన్నాక ఇంజన్ వెయ్యాలండీ," అంది కృపాకుమారి వెనక నుంచి.

జూలై 11

ఈసారి లేచింది! ఆటోపైలట్ కూడా పట్టుకుంది. కాళ్లు చాపుకుని టీ తాగాను. చెన్నై వచ్చింది. చెన్నై వెళ్లిపోయింది. మేం ముప్పై వేల అడుగుల ఎత్తులోనే ఉన్నాం.

ఎత్తు తగ్గించాలంటే మీట తిప్పితే చాలదట. తిప్పి నొక్కాలట. ఎవరు చెప్పారు నాకు?

కింద అంతా సముద్రం. మా హాల్లో, మా కుర్చీలో, మా ఫ్యాను కింద కూర్చుని ఉన్నా అరచేతులు తడిసిపోయాయి. కంప్యూటర్ ఆపేశాను. వేడెక్కింది అని చెప్పాను.

జూలై 19, ఆదివారం

మన నేల మీద పట్టు రాకుండా సముద్రం మీదికి పోవడం తప్పు. ఈ వారమంతా కృష్ణా జిల్లా మీదే అభ్యాసం.

మా సంఘ పెద్ద ఫిలిప్ గారు వచ్చారు. ఆయనకి నాగాయలంకలో రొయ్యల చెరువుంది.

"మా చెరువు కనపడుద్దా అండీ?"

"ఎందుకు కనపడదండీ!" ఆటోపైలట్ తీసేసి దివిసీమ వైపు తిప్పాను.

"ఇంకాస్త కిందకి దించండి. నీళ్లు చిలికే ఏరేటర్లు కనపడట్లేదు."

దించాను.

"ఇంకొంచెం."

ఢామ్! ఏడు టన్నుల ఇంధనంతో సహా చెరువులో ఉన్నాం. ఫిలిప్ గారు స్క్రీన్ మీదికి వంగి పరీక్షగా చూశారు.

"మా చెరువేనా, పక్కోళ్లదా?"

జూలై 26, ఆదివారం

ఆరాధన అయ్యాక మా ఇంటికి జనం, ఎవరి ఊరు వాళ్లకి పైనుంచి చూపించమని. ఘంటసాల వాళ్లు, అవనిగడ్డ వాళ్లు. ఎదురింటి కనకమహాలక్ష్మి గారైతే వాళ్లాయన పడవ ఎక్కడుందో చూపించమంది. పడవలు ఉండవమ్మా అంటే, "అంత డబ్బెట్టి కొన్నారు, పడవల్లేవా?" అని జాలి పడింది.

ఆటోపైలట్ ముట్టుకుని వారమైంది. అయినా స్థానిక భూగోళం మీద మంచి అవగాహన వచ్చింది. దేనికదే.

ఆగస్టు 3

శ్యాంబాబు ఫోన్. "టికెట్లు రెండా, ఒకటా?"

"ఇంకా నేర్చుకోవడం అవలేదయ్యా."

"నువ్వు నడపట్లేదు బావా. కూర్చుంటావు, అంతే."

ఆ మాటతో పౌరుషం వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌కి దారి కొట్టాను. చెన్నై దాకా బానే ఉంది. ఆ తరవాత కంప్యూటర్‌లో గీత తెగిపోయింది. చుక్కలు, ఖాళీ, అవతల పోర్ట్‌బ్లెయిర్.

"చూశావా, కంప్యూటరే ఒప్పుకోవట్లేదు," అన్నాను మా ఆవిడతో, సంతోషంగా.

కృపాకుమారి కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. "మధ్యలో ఖాళీ వదిలారండీ. అది చెరిపేస్తే కలిసిపోద్ది." నొక్కింది. కలిసిపోయింది!

"నీకెలా తెలుసు?"

"వంటయ్యాక మధ్యాహ్నాలు నాకేం పని? మీరు ఆఫీసుకెళ్లాక నేర్చుకున్నా. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగడం కూడా వచ్చింది."

"నీకెందుకు? నీకు భయం లేదుగా!"

"లేదని మీతో చెప్పానా? ఇంట్లో ఇద్దరం భయపడితే ఎలాగని ఊరుకున్నా. మీరెప్పుడన్నా అడిగారా?"

ముప్పై ఏళ్లలో అడగలేదు.

ఆగస్టు 20

నాకు జ్వరం. థర్మామీటర్ ఒప్పుకోలేదు.

కృపాకుమారిని గన్నవరం ఎయిర్‌పోర్టులో దింపాను. ఆవిడ నన్ను రమ్మనలేదు. "ప్రార్థన చెయ్యండి," అంది, అంతే. నా జన్మలో అంత చిన్న ప్రార్థన చెయ్యలేదు. లోపలికి వెళ్తూ చెయ్యి ఊపింది. రెండో చేత్తో బైబిలు గుండెకి హత్తుకునే ఉంది.

ఆగస్టు 23, ఆదివారం

గృహప్రతిష్ఠ. వీడియో కాల్‌లో నా ప్రార్థన. సగంలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి మా తోడల్లుడు ప్రకాశరావు ఆమేన్ చెప్పేసి, రిబ్బను కత్తిరించేసి, జనానికి బిర్యానీ వడ్డిస్తున్నాడు.

అక్కచెల్లెళ్లిద్దరూ ఒకళ్ల భుజం మీద ఒకళ్లు చెయ్యేసుకుని నవ్వుతున్నారు. కృపాకుమారి అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. ఏడుపొచ్చింది. సిగ్నల్ బాలేదని ఫోన్ పెట్టేశాను.

ఆగస్టు 24

సెలవు పెట్టాను. ఇల్లు ఖాళీ. కంప్యూటర్ తెరిచాను.

ఆవిడ ఆఖరిసారి ఆపిన విమానం అలాగే ఉంది. చెన్నై, పోర్ట్‌బ్లెయిర్. దారిలో ఎక్కడా ఖాళీ లేదు. ఎత్తు, ఇంధనం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. బరువుల పేజీ తెరిచాను. నూట ఎనభై సీట్ల విమానం. ప్రయాణికుల సంఖ్య దగ్గర కొట్టి ఉంది: 2.

కంప్యూటర్ మూసేశాను.

మళ్లీ నిర్ణయం తీసుకున్నాను. ఈసారి నడపడం కాదు, ఎక్కడం!

శ్యాంబాబుకి ఫోన్ చేశాను. "క్రిస్మస్‌కి పోర్ట్‌బ్లెయిర్. రెండు టికెట్లు. డబ్బు వాపసు రానివే తియ్యి."

"సీట్లు ఎక్కడ కావాలి బావా?"

"కిటికీ పక్కది ఆవిడకి. నేనెలాగూ కళ్లు మూసుకునే ఉంటాను, ఎక్కడైనా ఒకటే."