ఆలస్యంగా తెచ్చిన తల్లి

హాలిఫాక్స్, 1987 మార్చి 9

ప్రియమైన అమ్మకు,

కొత్త కన్ను తయారైంది. పాతది పెట్టించి ఆరేళ్లయింది కదా, వదులైపోయి పక్కకు తిరుగుతోంది. కృత్రిమ కళ్లు చేసే హార్వీ గారు మైనంతో అచ్చు తీసి, "కుడికన్ను నావైపు తిప్పమ్మా" అంటూ పొద్దంతా ఎదురుగా కూర్చోబెట్టుకుని రంగులు వేశారు. సన్నని ఎర్ర సిల్కు పోగులతో నరాలు కూడా అతికించారు.

ఆయన లోపలికి వెళ్లినప్పుడు, పెద్దాసుపత్రి నుంచి తెప్పించిన నా ఫైలు బల్ల మీద కనబడింది. తెరిచాను. "రెండేళ్ల పాప. ఎడమకంట్లో కణితి. తల్లి ఆలస్యంగా తీసుకువచ్చింది. కన్ను తీసివేయక తప్పలేదు."

బళ్లో నన్ను గోళీకన్ను అన్న ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి పోట్లాడావే, ఆ పరుగు డాక్టరు దగ్గరికి ఎందుకు పెట్టలేదు? జవాబు రాయి. సాకులు వద్దు.

కొరిన్

సెంట్-ఓజిత్, మార్చి 14

నా తల్లి కొరిన్‌కు,

నీకు ఏడాదిన్నర అప్పుడు కిటికీ దగ్గర నీ కంటిపాప తెల్లగా మెరిసింది. ఊరి డాక్టరుకు చూపించాను. "మొదటి కాన్పా? తల్లులకు లేనివన్నీ కనబడతాయి" అన్నాడు. నెల తిరక్కుండా మళ్లీ వెళ్లాను. పీతల కార్ఖానా నుంచి ఉన్నపళంగా వచ్చానని, "కంపు కొడుతున్నావు, బయట కూర్చో" అన్నాడు. మూడోసారి నీ ముఖమైనా చూడకుండా నాకు నిద్రమాత్రలు రాశాడు.

ఇక లాభం లేదని నిన్ను చంకనేసుకుని హాలిఫాక్స్ బస్సెక్కాను. అక్కడి పెద్ద డాక్టరు ఇంగ్లీషులో ఏదో గద్దించాడు. మన ఊళ్లో అందరిలాగే నాకూ ఫ్రెంచి తప్ప మరో ముక్క రాదు. ఏడ్చాను. ఆ ఏడుపును తప్పు ఒప్పుకోవడం అనుకుని రాసుకున్నాడు కాబోలు.

నీకెప్పుడూ చెప్పలేదు. ఎవరూ నమ్మని మాటను నువ్వు కూడా నమ్మకపోతే తట్టుకోలేననిపించింది.

అమ్మ

హాలిఫాక్స్, మార్చి 19

అమ్మా,

నమ్మాలనే ఉంది. కానీ కాగితం ఒకటి చెబుతోంది, నువ్వొకటి చెబుతున్నావు. శనివారం ఊరికి వస్తున్నాను. ఇంటికి కాదు, ఆ డాక్టరు ఆసుపత్రికి.

కొరిన్

హాలిఫాక్స్, మార్చి 27

ప్రాణానికి ప్రాణమైన అమ్మకు,

ఊరికి వచ్చి కూడా నీకు ముఖం చూపించలేక తిరిగొచ్చేశాను.

ఆ డాక్టరు పోయి తొమ్మిదేళ్లట. అతని దగ్గర అప్పట్లో పనిచేసిన నర్సు జీతా ఇంకా అక్కడే ఉంది. అటక మీంచి 1968 రిజిస్టరు దించింది. మూడు తేదీలు, మూడుసార్లూ ఒకే మాట: "బిడ్డ కంట్లో తెల్లని మెరుపు ఉందని తల్లి అంటోంది. డాక్టరు పరీక్షించలేదు."

"నేనే రాశాను," అంది. "ఎవరైనా అడుగుతారని చూశాను. పంతొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు."

"మీరే నోరు విప్పొచ్చుగా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను తల్లీ."

ఆమె మీద జాలి పడలేకపోయాను. నకలు తీయించుకుని ఇక్కడి పెద్దాసుపత్రికి వెళ్లాను. "పాత ఫైళ్లు ఇప్పుడు ముట్టుకోం. అయినా ఇప్పుడు దీనివల్ల ఒరిగేదేముంది?" అన్నాడు గుమాస్తా. నా కొత్త కన్ను తీసి అతని కాగితాల మీద పెట్టాను. "దీని కథ తప్పు రాశారు. సరిచేసేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాను. వరసలో ఉన్న ఒక ముసలాయన "ఆ పిల్ల చెప్పింది రాయవయ్యా" అని గదిమాడు.

రాశాడు. "తల్లి మూడుసార్లు తీసుకువెళ్లింది. వైద్యుడు చూడలేదు." కింద ముద్ర కూడా వేయించాను.

అయినా నా కోపం చల్లారలేదమ్మా. చచ్చినవాడి మీద చూపించాల్సినదంతా నీ నెత్తిన పోశాను. ఆదివారం ఇంటికే వస్తున్నాను. ఎన్ని తిట్లయినా తిట్టు. తలుపు మాత్రం తియ్యి.

నీ కొరిన్