కొంగ మంత్రి నడక

ప్రియమైన అక్కకు,

క్షేమంగా చేరావని బావ చెప్పాడు. ఆ బిగుతు నల్లబట్టలు చూసి "ఇవి వేసుకుని మగాళ్ల ముందుకు రావాలా? నా వల్ల కాదమ్మా" అని నువ్వు తలుపేసుకోవడం తలుచుకుని డాక్టరమ్మ ఇంకా నవ్వుతోంది. చివరికి ఒంటినిండా మెరిసే గోళీలు అంటించుకుని, నడకను కంప్యూటర్లోకి ఎక్కించే మా స్టూడియో కెమెరాల మధ్య సాయంత్రందాకా నడిచావు. నీలా కుంటేవాళ్ల మోకాలికి తేలికైన పట్టీ చేయడానికి ఆ నడక ఆమెకు ఎంతో పనికొస్తుందట.

ఇక్కడ మాకు మాత్రం మా బొమ్మల సినిమాలో కొంగ మంత్రి కుదరడం లేదు. ఎవరు నడిచినా దర్శకుడికి నవ్వు రావడం లేదు. ఆ బొమ్మకు మనిషి నడక అతికించాల్సింది నేనే కాబట్టి తిట్లూ నాకే.

నీ తమ్ముడు

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరాలకు జవాబు రాయలేదు. పని. వచ్చే వారం మా బొమ్మల సినిమా విడుదల. అంత బాగా రాలేదు. మీ చిన్నదాన్ని తీసుకెళ్లి డబ్బు దండగ చేసుకోవద్దు.

తమ్ముడు

*

తమ్ముడికి ఆశీస్సులు,

వద్దంటే ఆగుతామా? ముగ్గురం వెళ్లాం. చివర్లో నీ పేరు కనబడగానే మీ బావ ఈల వేశాడు, ముందు వరసవాళ్లు తిరిగి చూశారు. అన్నిటికంటే కొంగ మంత్రి బాగుంది. కాలు ఈడ్చి, భుజం ఎగరేసి, అంతలోనే ఏమీ జరగనట్టు దర్జాగా సర్దుకుంటుంటే హాలంతా ఒకటే నవ్వు. చిన్నది ఇంట్లో ఇప్పుడు అలాగే నడుస్తోంది.

ఆ నడక ఎవరిదిరా?

అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ నడక నీది.

దర్శకుడు ఒకరోజు అందరి ముందూ నా మీద విరుచుకుపడ్డాడు. డాక్టరమ్మ కోసం తీసిన నీ నడక కంప్యూటర్లో ఉంది. ఊరికే చూద్దామని కొంగకు తగిలించాను. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. "ఎవరయ్యా ఇతను?" అని దర్శకుడు అడిగితే "కొత్త నటుడు సార్" అన్నాను. ఆ రోజు ఇంటికి హుషారుగా వెళ్లాను. సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది. అలా ఆలస్యంగా వచ్చినందుకే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.

నిన్న దర్శకుడికీ డాక్టరమ్మకీ నిజం చెప్పాను. డాక్టరమ్మ లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. "ఆవిడ నన్ను నమ్మి ఆ బట్టలు వేసుకుంది" అంది, అంతే. స్టూడియోవాళ్లు నన్ను రేపటినుంచి రావద్దన్నారు. ఆ నడకను ఏం చేయాలో నిన్నే అడుగుతారట.

నీకు ముఖం చూపించలేని తమ్ముడు

*

ఒరే మొద్దూ,

ఆ ప్రశ్న అడిగేటప్పటికే నాకు తెలుసు. చిన్నది వంటింట్లో కొంగలా నడుస్తుంటే "అలా కాదే, ముందు మడమ ఆనించాలి" అన్నాను. "అయితే నువ్వు చూపించమ్మా" అంది. నడిచాను. "అచ్చం అదే!" అని చప్పట్లు కొట్టింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేకపోయాను. నువ్వు బొంకుతావేమోనని భయపడుతూనే నీకు రాశాను.

ఇంకోటి చెప్పనా? హాల్లో అందరికంటే గట్టిగా నవ్వింది నేనేరా. నా నడక చూసి వెనకాల నవ్వినవాళ్లను ఇన్నేళ్లూ తిట్టుకున్నదాన్ని. కుట్టుమిషను ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చి ముఖం వేడెక్కుతోంది.

స్టూడియోవాళ్లు ఫోన్ చేశారు. సినిమాలోంచి నా నడక తీసేయమన్నాను. డాక్టరమ్మ దగ్గర మాత్రం ఉండనీయమన్నాను. ఆవిడకు కావాలంటే మళ్లీ వచ్చి నడుస్తాను. నిన్ను క్షమించానని రాయలేను. కోపం అలాగే ఉంది.

చిన్నదానికి నిజం చెప్పేశాను. అది "బళ్లో అందరి ముందూ అలా నడిచి నవ్వించానమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. దానికైతే నేనున్నాను, నీకెవరున్నార్రా అక్కడ?

ఆదివారం రా.

అక్క