రెండు వీశెల రాయి

గూడూరు

ప్రియమైన అన్నకు నీ చెల్లెలు మార్తమ్మ వందనాలు. దేవుని దయవల్ల నేను కులాసా. వదినా, రూతమ్మా ఎలా ఉన్నారు? నీ దగ్గు తగ్గిందా? పోయిన ఉత్తరంలో ఆ ఒక్క సంగతీ రాయలేదు నువ్వు.

ఆసుపత్రిలో నర్సమ్మల కింద పని నేర్చుకుంటున్నాను. ఎండ మాడ్చేస్తోంది, నిమ్మకాయలకి మాత్రం కొదవ లేదు. అన్నం బాగానే పెడుతున్నారు కానీ మన బుచ్చిలో పండే బియ్యం రుచి రాదు. ఆదివారం గుడి నుంచి వచ్చాక మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. బెంగపడకు, బాగానే ఉన్నాను.

ఇక్కడొక వింత. మనిషిని తూచి ఊరుకోరు, గోడకి నిలబెట్టి ఎత్తు కూడా కొలుస్తారు. పనివాళ్ళందరినీ తూస్తామని డాక్టరమ్మ అనగానే, పుల్లలా ఉన్నానని ఇంటికి పంపేస్తారేమోనని హడలిపోయాను. నువ్వు మిల్లులో వడ్లు తూచేటప్పుడు, తడిపి తెచ్చేవాళ్ళని ఎంతమందిని చూశాను! నేనూ రెండు చెంబుల నీళ్ళు తాగి ఎక్కాను. మర్నాడు పొద్దున్నే ఏమీ తినకముందు మళ్ళీ ఎక్కించారు. దొరికిపోయాను.

"ఏందమ్మే, ఒక్క దినానికే ఇంత కరిగిపోయినావు?" అని డాక్టరమ్మ ఒకటే నవ్వు. ఆవిడదీ మన నెల్లూరే. సిగ్గుతో చచ్చాననుకో.

తర్వాత కూర్చోబెట్టి లెక్క చెప్పారు. కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగించాలట. రెండుసార్లెందుకని అడిగాను. "పొడుగైన మనిషి వెడల్పు కూడా ఉంటాడు గదా" అన్నారు. నాకు తక్కువే వచ్చింది. వాకాడు నుంచి వచ్చిన వల లాగే ఆయనకి ఎక్కువ వచ్చింది. ఆయన ఒంట్లో కొవ్వెక్కడిది, అంతా కండే! అయితే ఈ లెక్క తప్పా అన్నాను. "ఇది రోగం చెప్పేది గాదు. ఎవురిని ఇంకాస్త పరీక్ష చెయ్యాల్నో చెప్పేది, అంతే" అన్నారు. నాకు కళ్ళె, ఎక్స్‌రే చూసి జబ్బేమీ లేదన్నారు. పాలూ గుడ్లూ తినమన్నారు. పని నిలిచింది.

కానీ అప్పట్నుంచీ ఒకటే తొలుస్తోంది. నేను బయల్దేరే రోజు, "ఇట్టా చిక్కిపోయినావు, నిన్నిడిచి నేను పోనన్నా" అని ఏడిస్తే నువ్వు మిల్లు కాటా ఎక్కావు. "చూసినావా, పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతే. ఇంక బస్సెక్కు" అన్నావు. నమ్మి ఎక్కాను. అదే పూట మిల్లులో చెరిగే మన వదిన, "రెండు వీశెల తూకం రాయి కనపళ్ళేదే" అని వెతుకుతూ ఉంది. కాటా ఎక్కేముందు నడుముకి తువ్వాలు ఎందుకంత లావుగా చుట్టావో ఇప్పుడు తెలిసింది.

నీళ్ళు తాగి ఎక్కినదాన్ని, నిన్నేమనగలను? కోపం లేదన్నా, భయంగా ఉంది. ఆ దగ్గుతో ఒళ్ళు తగ్గితే ఊరుకోకూడదట. డాక్టరమ్మకి చెప్పి ఉంచాను. ఈ సోమవారం పని మానుకుని రా.

పెద్దమ్మకీ, పాస్టరు గారికీ నా వందనాలు. రూతమ్మకి ముద్దులు. నాకోసం ప్రార్థన చెయ్యి, నేను నీకోసం చేస్తూనే ఉన్నాను.

నీ చెల్లెలు
మార్తమ్మ

వచ్చేటప్పుడు శేరు బియ్యం తెచ్చినా తేకపోయినా సరే, ఆ రాయి మాత్రం మిల్లులోనే పెట్టి రా.